ఫామ్‌హౌస్‌లో సూపర్‌వైజర్ కొలువు: జీతం ఒప్పుకునే ముందు రైతు వేసుకోవాల్సిన లెక్క

హైటెక్ సిటీ, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ దాటి పడమరకు వెళ్తే శంకర్‌పల్లి, మొయినాబాద్, చేవెళ్ల మండలాలు వస్తాయి. ఒకప్పుడు ఇక్కడి రైతు కూరగాయలు, పూలు పండించి నగరానికి తెచ్చేవాడు. ఇప్పుడు నగరమే పొలం దగ్గరికి వస్తోంది. ఐటీ ఉద్యోగులు, కంపెనీల యజమానులు రెండు మూడు ఎకరాలు కొని ప్రహరీ కట్టి, మామిడి, జామ, డ్రాగన్ ఫ్రూట్ పెడుతున్నారు. శని, ఆదివారాలు వచ్చిపోతారు. మిగతా ఐదు రోజులు ఆ భూమిని చూసుకోవడానికి ఒక మనిషి కావాలి. అందుకోసం పక్క ఊరి చిన్న రైతునో, ఆయన కొడుకునో అడుగుతున్నారు. "నెలకు ఇంత జీతం, ఉండటానికి గది, కరెంటు ఫ్రీ. సూపర్‌వైజర్‌గా ఉంటావా?"

రెండెకరాల రైతుకు ఈ మాట ఆకర్షణగానే ఉంటుంది. వానతో, ధరతో సంబంధం లేకుండా ఒకటో తారీఖున డబ్బు చేతికి వస్తుంది. కానీ ఆ జీతంలో మీ చేతికి వచ్చేది ఎంత, మీరు వదులుకునేది ఎంత, చట్టం ఇచ్చే రక్షణ ఎంత అన్నది లెక్క వేయకుండా సరేనంటే ఏడాది తర్వాత నష్టం తెలుస్తుంది. ఆ లెక్క ఎలా వేయాలో చూద్దాం.

ఈ కొలువులు ఇక్కడే ఎందుకు పుట్టాయి?

ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలను కాపాడటానికి 1996 మార్చి 8న అప్పటి ప్రభుత్వం 111 నంబరు జీవో ఇచ్చింది. 84 గ్రామాల్లో పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలకు అడ్డుకట్ట పడింది. రెండేళ్లకే, 1998లో, మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరుచుకుంది. ఒకవైపు కొలువులు, ఆకాశాన్నంటే భూమి ధర. దాని పక్కనే ఇళ్లు కట్టడానికి వీల్లేని వ్యవసాయ భూమి. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం గరిష్ఠంగా 100.75 కోట్లు పలికింది. అక్కడికి కొద్ది దూరంలోనే జీవో పరిధిలోని గ్రామాలున్నాయి. అలాంటి చోట భూమి కొన్నవాళ్లు వేరే ఏమీ కట్టలేక తోటలు పెట్టారు. 2022 ఏప్రిల్‌లో 69 నంబరు జీవోతో ఆ ఆంక్షలను ఎత్తివేస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించాక భూమి మీద ఆశ ఇంకా పెరిగింది.

దీని నుంచి రైతు గమనించాల్సింది రెండు సంగతులు.

మొదటిది, చాలా ఫామ్‌హౌస్‌లలో మీ జీతం పంట డబ్బులోంచి రాదు. యజమాని ఐటీ జీతంలోంచి, వ్యాపారంలోంచి వస్తుంది. కాబట్టి "పంట రాలేదు, జీతం పెంచలేను" అనే మాట అక్కడ చెల్లదు. బేరంలో ఇది మీకు అనుకూలం.

రెండోది దీనికి తిరగేసిన మాట. యజమాని ఉద్యోగం ఊడినా, భూమికి మంచి ధర వచ్చినా ఆ తోట ఆగిపోతుంది. పంట బాగున్నా మీ కొలువు ఉండదు. అంటే వానకు భయపడి పొలం వదిలి వెళ్లిన రైతు, తనకు తెలియని మార్కెట్ మీద ఆధారపడ్డట్టు అవుతుంది. అందుకే జీతం ఎంత అన్నదానితో పాటు, మానిపించాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలి అన్నది కూడా మొదట్లోనే మాట్లాడుకోవాలి.

ఈ పనికి రేటు ఎవరు చెబుతారు?

అమెరికాలో వ్యవసాయం, చేపల వేట, అడవి పనుల్లో కూలీలపై ఉండే సూపర్‌వైజర్లను విడి వృత్తిగా లెక్కించి, వాళ్ల జీతాలను అక్కడి కార్మిక గణాంక సంస్థ ఏటా ప్రకటిస్తుంది. మన దగ్గర లేబర్ బ్యూరో గ్రామీణ కూలి రేట్లను నెలనెలా సేకరిస్తుంది. దున్నడం, విత్తడం, కోత, తోట పని, చేపలు పట్టడం, చెట్లు నరకడం, పశువుల పని, మందు కొట్టడం వంటి వ్యవసాయ, అనుబంధ పనులు 12 అందులో ఉన్నాయి. నీళ్లు కట్టేవాడు కూడా సాధారణ వ్యవసాయ కూలీల వరుసలోనే వస్తాడు. పని చేయించే సూపర్‌వైజర్‌కు మాత్రం విడి వరుస లేదు. అందువల్ల ఫామ్‌హౌస్‌లో జీతం అంటే ఆ యజమాని చెప్పిన మాటే రేటు అవుతోంది.

విడి రేటు లేకపోయినా, బేరానికి పట్టుకొమ్మగా వాడుకోగల అంకెలు కొన్ని ఉన్నాయి.

• ఉపాధి హామీ కూలి: 2025-26కు తెలంగాణలో రోజుకు 307 రూపాయలు. 26 రోజులకు 7,982. ఇది మట్టి పనికి వచ్చే కూలి. బాధ్యత ఉన్న కొలువుకు ఇది అడుగు మాత్రమే.

• రాష్ట్ర కనీస వేతనం: కరువు భత్యం కలిపి ఏటా ఏప్రిల్, అక్టోబరులో మారుతుంది. బేరానికి కూర్చునే ముందు మీ మండలానికి వర్తించే తాజా రేటును కార్మిక శాఖ సహాయ అధికారి కార్యాలయంలో అడిగి రాసుకోండి.

• ఆంధ్రప్రదేశ్‌లో 2019లో చేరిన గ్రామ సచివాలయ వ్యవసాయ, ఉద్యాన, మత్స్య సహాయకులకు శిక్షణ కాలంలో ఇచ్చింది నెలకు 15,000. చదువు ఉండి, క్షేత్రంలో తిరిగే పనికి ప్రభుత్వం ఆనాడే పెట్టిన మొదటి మెట్టు అది.

• కేంద్రం 2020 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన 10,000 రైతు ఉత్పత్తిదారుల సంఘాల పథకంలో సీఈవో జీతానికి నెలకు 25,000 వరకు, అకౌంటెంట్‌కు 10,000 వరకు మద్దతు ఇస్తారు. వందల మంది రైతుల కొనుగోళ్లు, అమ్మకాలు చూసే పనికి పెట్టిన అంకె అది.

పంట తెలిసి, కూలీలను పిలిపించి, మందులు, ఎరువుల లెక్క రాసి, రాత్రి మోటారు చూసి, కాపలా కూడా ఉండే మనిషి జీతం ఈ అంకెల మధ్య ఎక్కడ ఉండాలో మీరే ఆలోచించండి. కనీస వేతనం దగ్గరే బేరం ఆగితే, అనుభవానికి ఒక్క రూపాయి కూడా పడనట్టే.

అసలు లెక్క: 18,000 జీతం ఎంతవుతుంది?

ఉదాహరణకు, రెండెకరాలున్న దంపతులకు నెలకు 18,000, ఉండటానికి గది ఇస్తామన్నారు అనుకుందాం. కింది అంకెలు లెక్క చూపడానికే. మీ సొంత అంకెలు పెట్టుకుని చూడండి.

మొదటి కోత: ఇద్దరి పని, ఒక్కరి జీతం. "భార్యాభర్తలు కావాలి" అని అడిగే చోట భార్య గది ఊడుస్తుంది, ఆవులు చూస్తుంది, శనివారం అతిథులు వస్తే వంటలో సాయం చేస్తుంది. ఆమెకు విడి జీతం ఉండదు. ఆమె రోజుకు సగం పూట పని చేస్తుందనుకుని, 307 రూపాయల కూలిలో సగం వేసినా నెలకు దాదాపు 4,000. అంటే ఆయన జీతం 14,000.

రెండో కోత: సొంత పొలం. రెండు పంటల్లో ఎకరానికి ఒక్కో కారుకు ఖర్చులు పోను 20,000 మిగులుతోందనుకుంటే, రెండెకరాల మీద ఏడాదికి 80,000. కొలువులో చేరి ఎకరం 10,000 చొప్పున కౌలుకు ఇస్తే వచ్చేది 20,000. తేడా 60,000. నెలకు 5,000. ఇప్పుడు మిగిలింది 9,000.

మూడో కోత: సెలవు. వారానికి ఒక రోజు సెలవు లేకుండా 30 రోజులు ఉంటే 9,000 అంటే రోజుకు 300. ఉపాధి హామీ కూలి 307 కంటే తక్కువ!

గది, కరెంటు విలువ కలుపుకోవాలి కదా అనవచ్చు. మీకు ఊళ్లో సొంత ఇల్లు లేకపోతే కలుపుకోండి. ఇల్లు ఉంటే ఆ గది మీకు లాభం కాదు, రాత్రి కాపలా కోసం యజమానికే లాభం.

ఇదే 18,000 మరో ఇంట్లో మంచి కొలువు కావచ్చు. పొలం బోరు ఎండిపోయి ఏటా నష్టమే వస్తుంటే రెండో కోత ఉండదు. తండ్రి పొలం చూసుకుంటూ కొడుకు కొలువుకు వెళ్తే కూడా అంతే. భార్యకు విడిగా జీతం రాయించుకుంటే మొదటి కోత పోతుంది. ఇంటికి ఒకరు పొలంలో, ఒకరు కొలువులో ఉండేలా చూసుకున్న కుటుంబానికే ఈ జీతం నిజంగా అదనపు ఆదాయం.

కొత్త లేబర్ కోడ్‌లు ఏం చెబుతున్నాయి?

నాలుగు కార్మిక కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. కొత్త నిబంధనలు కుదురుకునే దాకా పాత నిబంధనలు కొనసాగుతాయి. సూపర్‌వైజర్ కొలువుకు సంబంధించి తెలుసుకోవాల్సినవి ఇవి.

• వేతనాల కోడ్‌లో "ఉద్యోగి" అనే మాటలో సూపర్‌వైజర్ కూడా ఉన్నాడు. కాబట్టి "నువ్వు సూపర్‌వైజర్‌వి, కనీస వేతనం నీకు వర్తించదు" అనే మాట తప్పు.

• నెల జీతం తర్వాతి నెల 7వ తేదీ లోపు ఇవ్వాలి. మానిపించినా, మీరే మానేసినా రెండు పని దినాల్లో లెక్క తేల్చాలి.

• ఏ కారణం చెప్పినా కోతలు జీతంలో సగానికి మించకూడదు.

• ఒకే పనికి ఆడవారికి తక్కువ, మగవారికి ఎక్కువ ఇవ్వడం నిషేధం.

• ఇక్కడ ఒక మెలిక ఉంది. పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం సూపర్‌వైజర్ హోదాలో నెలకు 18,000 మించి వేతనం తీసుకునేవారు "కార్మికుడు" నిర్వచనంలోకి రారు. అన్యాయంగా తీసేశారని కార్మికుడిగా వివాదం వేసే దారి వాళ్లకు మూసుకుపోతుంది. అయితే పేరు కంటే చేసే పనే ముఖ్యమని న్యాయస్థానాలు ఎప్పటి నుంచో చెబుతున్నాయి. రోజంతా పాదులు తవ్వి, మందు కొట్టే మనిషికి సూపర్‌వైజర్ అని పేరు పెట్టినంత మాత్రాన హక్కులు పోవు. అందుకే నియామక కాగితంలో మీరు చేసే పనులన్నీ రాయించుకోవాలి.

• ఒక వ్యక్తి సొంత ఇంటికి కాపలా, ఇంటి పని మాత్రమే అయితే చట్టం వర్తిస్తుందా లేదా అనే వాదన రావచ్చు. పంట పండించి అమ్ముతున్నారని కాగితంలో కనబడితే మీ పక్షం గట్టిగా ఉంటుంది.

ఐటీ క్యాంపస్‌లో తోట సూపర్‌వైజర్ అయితే

పొలం మీదే కాదు, కారిడార్ లోపల కూడా మన పనికి గిరాకీ ఉంది. ఐటీ పార్కుల్లో పచ్చిక, చెట్లు, నర్సరీలు చూడటానికి కాంట్రాక్టు ఏజెన్సీలు మనుషులను పెట్టుకుంటాయి. చేతికి వచ్చే జీతం ఫామ్‌హౌస్ కంటే తక్కువగా కనిపించినా తొందరపడి కాదనకండి. ఉద్యోగులు 10 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉంటే ఈఎస్ఐ, 20 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉంటే పీఎఫ్ వస్తాయి.

ఉదాహరణకు మొత్తం జీతం 20,000, అందులో పీఎఫ్ లెక్కకు తీసుకునే వేతనం 15,000 అనుకుందాం. మీ వాటా పీఎఫ్ 12 శాతం 1,800. ఈఎస్ఐ 0.75 శాతం 150. వృత్తి పన్ను 150. చేతికి వచ్చేది 17,900. కానీ యజమాని పీఎఫ్ వాటా 1,800, ఈఎస్ఐ 3.25 శాతం అంటే 650 అదనంగా కట్టాలి. పైగా జీతం 21,000 లోపు ఉన్నంత వరకు ఈఎస్ఐ కింద ఇంటిల్లిపాదికీ వైద్యం, జబ్బు చేస్తే 91 రోజుల వరకు 70 శాతం వేతనం ఉంటాయి. ఈ కారిడార్ వాళ్లకు సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రి దగ్గర్లోనే ఉంది. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే ప్రధాన యజమాని చెల్లించాలని కూడా చట్టంలో ఉంది. ఫామ్‌హౌస్‌లో 20,000 నగదుగా తీసుకునే మనిషికి ఇవేవీ ఉండవు. ఆ జీతంలోంచే ఆసుపత్రి ఖర్చు, ముసలితనం ఖర్చు తీయాలి.

గోదావరి జిల్లాల్లో చేపలు, రొయ్యల చెరువుల మీద ఉండే గుమస్తా పరిస్థితీ ఇదే. మేత లెక్క, ఏరేటర్లు, రాత్రి కాపలా అన్నీ అతనివే. కొలువు మాత్రం నోటిమాట మీదే నడుస్తుంది. కాబట్టి ఇక్కడ చెప్పిన జాగ్రత్తలు చెరువు గట్టు మీద వాళ్లకూ పనికొస్తాయి.

ఒప్పుకునే ముందు కాగితం మీద రాయించుకోవాల్సినవి

1. పని ఎంత విస్తీర్ణంలో, ఏ పంటలు, మీ కింద ఎంతమంది కూలీలు.
2. జీతం ఎంత, ఏ తేదీన. బ్యాంకు ఖాతాలోనే వేయాలి. నగదు ఇస్తే రుజువు ఉండదు.
3. భార్య పని చేస్తే ఆమె పేరున విడి జీతం, విడి ఖాతా.
4. వారానికి ఒక రోజు సెలవు. నాట్లు, కోతల సమయంలో సొంత పొలానికి వెళ్లడానికి ఏడాదికి ఎన్ని రోజులు.
5. ఏడాదికి జీతం ఎంత పెరుగుతుంది.
6. మానిపించాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలి. కనీసం రెండు నెలలు, లేదా రెండు నెలల జీతం అడగండి. భూమి అమ్మినా ఇది వర్తిస్తుందని రాయించండి.
7. మోటారు, డ్రిప్, పంట దొంగతనం, చెట్టు ఎండిపోవడం వంటి నష్టాలను మీ జీతంలోంచి కోయరాదని.
8. పాము కాటు, మందు కొట్టేటప్పుడు విషప్రభావం, కరెంటు షాక్ వస్తే వైద్యం ఖర్చు ఎవరిది.

అడ్వాన్సు విషయంలో చాలా జాగ్రత్తగా ఉండండి. కూతురి పెళ్లికో, బోరుకో పెద్ద మొత్తం తీసుకుంటే, తీరే దాకా కొలువు మానలేని పరిస్థితి వస్తుంది. అప్పు పేరుతో మనిషిని కట్టి ఉంచడం 1976 చట్టం ప్రకారం వెట్టి చాకిరి కిందికి వస్తుంది, నేరం. అయినా అక్కడి దాకా తెచ్చుకోకుండా ఉండటమే మంచిది. తీసుకున్నా రెండు నెలల జీతానికి మించవద్దు. నెలకు ఎంత పట్టుకుంటారో రాయించండి.

కొలువులో చేరితే పథకాలు పోతాయా?

చాలామంది అడిగే ప్రశ్న ఇది. రైతు భరోసా ఎకరానికి ఏడాదికి 12,000 పట్టాదారుకు, సాగుకు పనికొచ్చే భూమి మీద వస్తుంది. ప్రైవేటు కొలువు వల్ల అది పోదు. 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారుకు ఉండే 5 లక్షల రైతు బీమా కూడా అలాగే. పీఎం కిసాన్ 6,000 ప్రైవేటు జీతం వల్ల ఆగదు. ఆదాయపు పన్ను కట్టినవారికి మాత్రం ఆగుతుంది. కౌలుకు ఇచ్చేటప్పుడు పాస్‌బుక్ మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి.

పీఎఫ్, ఈఎస్ఐ లేని కొలువైతే ఇవి మీరే చేయించుకోండి. ఏడాదికి 20 రూపాయలతో 2 లక్షల ప్రమాద బీమా, 436 రూపాయలతో 2 లక్షల జీవిత బీమా బ్యాంకులోనే దొరుకుతాయి. వయసు 18-40 మధ్య ఉండి, నెల ఆదాయం 15,000 లోపు అయితే 60 ఏళ్ల తర్వాత 3,000 పింఛను ఇచ్చే శ్రమయోగి మాన్‌ధన్ ఉంది. ఈ-శ్రమ్ కార్డు కూడా తీసుకోండి.

జీతం పెరగాలంటే

ఫామ్‌హౌస్ యజమానికి పంట తెలియదు. ఆయన చూసేది లెక్క, ఫొటో, నమ్మకం. రోజూ కూలీల హాజరు, వాడిన మందు, ఎరువు, నీళ్ల గంటలు ఒక పుస్తకంలో రాసి, వారానికోసారి ఫోన్‌లో పంపండి. బేరం నాడు ఆ పుస్తకమే మీకు సాక్ష్యం. డ్రిప్‌తో ఎరువు ఇవ్వడం, కొమ్మ కత్తిరింపు, పాలీహౌస్ నిర్వహణ నేర్చుకున్నవాళ్లను వదులుకోవడం యజమానికి కష్టం. ఇవి నేర్పే సంస్థలు దగ్గర్లోని రాజేంద్రనగర్‌లోనే ఉన్నాయి. జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, మేనేజ్ సంస్థ అక్కడివే. పదో తరగతి అయిన పిల్లలకు రెండేళ్ల వ్యవసాయ డిప్లొమా ఉంది. అనుభవం తండ్రిది, కాగితం కొడుకుది అయితే ఆ ఇంటికి బేరంలో బలం ఉంటుంది.

మనమే సూపర్‌వైజర్‌ను పెట్టుకుంటే?

ఇదే లెక్కను తిప్పి చూడండి. ఒక ఊళ్లో రెండెకరాల రైతులు 40 మంది కలిస్తే 80 ఎకరాలు. ఎకరానికి నెలకు 250 వేసుకుంటే 20,000. ఆ డబ్బుతో పురుగును ముందుగా గుర్తించేవాడు, మందును టోకున తెచ్చేవాడు, కూలీలను ఊరంతటికీ వరుస వేసి పంపేవాడు ఒకడు దొరుకుతాడు. ఎకరానికి ఏడాదికి 3,000 ఖర్చు. వరికి ఇది బరువే, పెట్టుకోవద్దు. టమాట, పూలు, ఆకుకూరల్లో ఒక్క మందు తడి తగ్గినా, ఒక్క లోడు మంచి ధరకు పోయినా తిరిగి వచ్చే అవకాశం ఉంది. మీ ప్రాంతంలో రైతు ఉత్పత్తిదారుల సంఘం ఉంటే అక్కడ మొదలుపెట్టండి. సీఈవో జీతానికి కేంద్రం ఇచ్చే సాయం మూడేళ్లకే పరిమితం. ఆ తర్వాత జీతం సంఘమే సంపాదించుకోవాలి. సాయం ఉండగానే ఈ లెక్క వేసుకున్న సంఘాలే నిలబడతాయి.

గుత్తకు వచ్చే మేస్త్రీలతో కూడా ఒక మాట. మొత్తం గుత్త ఎంత, అందులో కూలీకి ఎంత, మేస్త్రీకి ఎంత అని ముందే అడగండి. కూలీకి చేరేది తగ్గితే పని నాణ్యత తగ్గుతుంది. నష్టం మన పొలానికే.

చివరిగా

జీతం ఆపితే, చెప్పకుండా మానిపిస్తే ముందు మండల పరిధిలోని కార్మిక శాఖ సహాయ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకోండి. ఉచిత న్యాయ సహాయానికి 15100, ఈ-శ్రమ్ వివరాలకు 14434, పంట సలహాలకు కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 నంబర్లకు ఫోన్ చేయవచ్చు.

కొలువు చిన్నతనం కాదు. పొలం వదలకపోవడమే గొప్ప అని కూడా కాదు. కానీ ఎకరం ధర కోట్లలో ఉన్న చోట, ఆ ఎకరాన్ని పచ్చగా ఉంచే మనిషి రోజు కూలి 300 దగ్గర ఆగిపోవడం న్యాయం కాదు. ఈ వారం మీ ఇంట్లో కూర్చుని పైన చెప్పిన మూడు కోతలను మీ సొంత అంకెలతో వేసి చూడండి. అన్నీ పోను మిగిలేది నచ్చితేనే సరేననండి.